కూర్చోమనేవాళ్లు

స్వప్న ఒమన్ నుంచి తిరిగొచ్చి "మనూరికి జనాలు సూసేకి వస్తారు" అన్న రోజు ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది పాపం. కోసిగి దాటి కర్ణాటక పొలిమేర వైపు పోతే నల్లరేగడి మధ్యన విసిరేసినట్టు ఉండే పల్లె అది. అక్కడికి పని లేకుండా వచ్చినవాళ్లను ఎవరూ ఎరగరు. ఓట్లడిగేవాళ్లు వస్తారు, సర్వే రాసుకునేవాళ్లు వస్తారు, వచ్చిన జీపులోనే పోతారు. ఊరివాళ్లకు తెలిసిందల్లా పోవడమే. వానలు పడని ఏడు పోతారు, పడిన ఏడు కూడా పోతారు. పత్తి ఏరడం ముగియగానే ఇళ్లకు తాళాలు వేసి, వాకిట్లో ముళ్లకంప అడ్డం పెట్టి, గిన్నెలు మూటగట్టుకుని, లారీ ఎక్కి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. జనవరి నుంచి ఉగాది దాకా ఆ ఊళ్లో మిగిలేది ముసలివాళ్లూ బడిపిల్లలూ కుక్కలే.

"ఏం సూసేకి వస్తారుమే? ఎండనా?" అని అడిగింది ఎదురింటి దేవమ్మ.

"ఎండ వాళ్ల ఊర్లల్లో ల్యాకుంటేనా? మన ఇండ్లకేసిన తాళాలు సూసిపోతారేమోలే," అని ఇంకెవరో అందుకున్నారు.

స్వప్న ఉడుక్కోలేదు. నవ్వేవాళ్లతో పాటు తనూ నవ్వి, నవ్వడం అయిపోయాక మళ్లీ అదే మాట చెప్పింది. ఏడాది పాటు చెప్పింది. చెప్పీ చెప్పీ చివరికి దేవమ్మతో కలిపి కొన్ని ఇళ్లవాళ్లను ఒప్పించింది. ఒప్పించడమంటే నమ్మించడం కాదు. "ఈ పిల్ల ఇంత గట్టిగా అంటాంది, ఏముందో సూద్దాం" అనేదాకా తెచ్చింది, అంతే.

తండ్రి గిడ్డయ్య మాత్రం నవ్వనూ లేదు, ఒప్పుకోనూ లేదు. ఆయన ఆ ఊరికి సుగ్గి మేస్త్రీ. ఎవరెవరు ఏ రైతు పొలానికి పోవాలో, ఏ గుడిసెలో ఎవరుండాలో చూసుకునేది ఆయనే. ఆయన మాట మీద లారీ వస్తుంది, ఆయన మాట మీద కదులుతుంది. క్రిస్మస్ పోయిన వారంలో కూతుర్ని పిలిచి ఒకటే మాట చెప్పాడు.

"సోమారం లారీ వస్తాది పాపా. అంతలోపల నీ సంగతి తేలితే మీ యమ్మ ఈడనే ఉండనీ. తేలకుంటే బండెక్కాల్సిందే. ఊర్కే ఇంట్ల కూసోబెడితే గడ్సదు మనకు."

తేల్చేవాళ్లు శనివారం వస్తున్నారు. బెంగళూరులో రేవతి అని ఒకావిడ ఉంది. పెద్ద పేరున్న చోట్లకు కాకుండా చిన్న చిన్న ఊళ్లకు యాత్రికులను పంపే కంపెనీ ఆమెది. స్వప్న నెలల తరబడి ఫోన్లు చేసి, ఫొటోలు పంపి, ఎట్టకేలకు ఒప్పించింది. రేవతి తనతో మైసూరు నుంచి ఒక రిటైరైన జంటను తీసుకొస్తానంది. రెండు రోజులుండి చూస్తుంది. నచ్చితే ఉగాది దాకా జనాన్ని పంపుతుంది. అప్పుడు స్వప్న వెంట నడిచిన ఇళ్లలోని ఆడవాళ్లెవరూ ఈ ఏడు మిరపతోటల్లో నడుం వంచనక్కర్లేదు. నచ్చకపోతే లారీ ఉండనే ఉంది.

ఈ ఒక్క సంగతి కోసం స్వప్న ఇంతగా ఎందుకు పాకులాడుతోందో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. ఆమె చిన్నతనమంతా బడిలోని సీజనల్ హాస్టల్లో గడిచింది. అమ్మానాన్నలు సుగ్గికి పోయిన పిల్లలందరినీ అక్కడే పడుకోబెట్టి అన్నం పెట్టేవారు. చలికాలం వచ్చిందంటే ఆమెకు అమ్మ అంటే ఫోన్లో ఒక గొంతు, వెనకాల లారీ హారన్లు. తల్లి ముత్తమ్మ వేసవిలో తిరిగొచ్చేసరికి చేతివేళ్లు మిరపఘాటుకు మండుతూ ఉండేవి. బిడ్డ మొహాన్ని తాకాలంటే ముందు మజ్జిగలో చేతులు ముంచుకునేది. ఆ మజ్జిగ వాసన స్వప్నకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

ఆదోనిలో ఇంటరు, ఆ తర్వాత హోటల్ పనుల డిప్లొమా చదివి స్వప్న మస్కట్‌కు గదులు సర్దే పనికి పోయింది. ఆ హోటలువాళ్లు కొన్నాళ్లకు ఆమెను నిజ్వా పట్నం అవతల కొండల్లో ఉన్న ఒక ఊరికి పంపారు. అక్కడ మట్టి ఇళ్లను గెస్ట్ హౌసులుగా మార్చారు, చూసుకోవడానికి మనిషి కావాలన్నారు. పోయి చూస్తే ఆమెకు నీరసం వచ్చింది. కొండవాలున మట్టి గోడలు, ఖర్జూరపు చెట్లు, రాళ్ల మధ్య సన్నని నీటికాలువ. ఇంతే. టూరిజం అంటే ఈతకొలనులు, అద్దాల లిఫ్టులు అనుకున్న పిల్లకు, జర్మనీవాళ్లూ ఇటలీవాళ్లూ రొప్పుకుంటూ ఆ మెట్లెక్కి వచ్చి ఆ మట్టిగోడలను ముట్టుకుని మురిసిపోవడం వింతగా తోచింది. ఇంతోటి గోడలు మా ఊళ్లో లేవా అనుకుంది.

ఆ ఇళ్ల యజమానురాలు ఉమ్మ్ సాలెం అనే పెద్దావిడ. కొడుకులందరూ పట్నంలో కొత్త ఇళ్లు కట్టుకుని పోయినా ఆమె కదల్లేదు. ఆమెకు బొంబాయి నుంచి వచ్చిన వ్యాపారుల దగ్గర పట్టుబడిన హిందీ కొంచెం వచ్చు, స్వప్నకు ఆదోని సందుల్లో నేర్చిన ఉర్దూ వచ్చు. ఇద్దరికీ ఆ రెండూ కలిసి బాగానే నడిచింది. ఎవరొచ్చినా ఉమ్మ్ సాలెం ముందు గది చూపించేది కాదు. చాప మీద కూర్చోబెట్టి, తనూ ఎదురుగా కూర్చుని, పిడిలేని చిన్న కప్పుల్లో కాఫీ పోసి, ఖర్జూరాలు ముందుకు జరిపేది. ఎంత పెద్ద మనిషైనా ఆ కాఫీ తాగాకే తాళంచెవి.

హోటల్లో నేర్చుకున్న అలవాటు కొద్దీ స్వప్న ట్రే పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడేది. రెండు రోజులు చూసింది పెద్దావిడ, మూడో రోజు విసుక్కుంది.

"నువ్వేమన్నా గోడకు కొట్టిన మేకువా? వచ్చి కూర్చో. ఇంట్లోవాళ్లు నిలబడి చూస్తుంటే వచ్చినవాళ్లకు గుటక ఎలా దిగుతుంది?"

"నేను ఇంటిమనిషిని కాదు కదా, పనిమనిషిని," అంది స్వప్న.

"ఈ గడపలో ఉన్నంతసేపూ ఇంటిమనిషివే. కూర్చో."

కూర్చోవడం అంత కష్టమైన పనని స్వప్నకు ఆ రోజే తెలిసింది. మోకాళ్లు వంగలేదు. ఇంకోసారి ఒక జర్మన్ ఆవిడ "మీ ఊళ్లో ఏముంటుంది?" అని అడిగితే "ఏమీ ఉండదు" అనేసింది స్వప్న. అంతకుముందైతే ఎవరడిగినా బెంగళూరు అనో, మంత్రాలయం అనో చెప్పి తప్పించుకునేది. ఆ మాట విని ఉమ్మ్ సాలెం ఆ పూట ఆమెతో మాట్లాడలేదు. సాయంత్రం పిలిచి కడిగేసింది. "ఏమీ లేకపోతే నిన్ను ఎవరు పెంచారు, గాలా? తన ఊళ్లో ఏమీ లేదనేదానివి నా ఊరిని పరాయివాళ్లకు ఏం చూపిస్తావు?" అంది. ఆ రోజు నుంచి పొద్దుగూకే వేళ తన ఊరి సంగతి ఒక్కటైనా చెప్పాలని పట్టుబట్టింది.

మొదట్లో స్వప్నకు నోరు పెగల్లేదు. తర్వాత్తర్వాత ఆపడం కష్టమైంది. ఆదోని కొండ మీద ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే బండలు చెప్పింది. ఎమ్మిగనూరులో వీధి మలుపు తిరగకముందే వినబడే మగ్గాల చప్పుడు చెప్పింది. ఎండకు నోళ్లు తెరిచిన రేగడి, అందులోనే నిలబడి కంకులు తొడిగే జొన్న, మంత్రాలయం దగ్గర బండల నడుమ పారే తుంగభద్ర, అన్నీ చెప్పింది. చివరికి సుగ్గి సంగతి కూడా చెప్పింది. చెబుతూ చెబుతూ తన ఊరిని తను మొదటిసారి చూసింది. ఇంతమందిని పోగొట్టుకుంటూ కూడా నిలబడిన ఊరు మాది అని ఆమెకు ఆ కొండ మీద గర్వం పుట్టింది. ఆ గర్వంతోనే విమానం ఎక్కింది.

శనివారం పొద్దున ఆదోని స్టేషన్లో దిగిన రేవతి నవ్వు తక్కువ మనిషి. అన్నీ చూస్తుంది, దేనికీ బాగుందనదు. మైసూరు జంటలో భార్య గిరిజమ్మ కలుపుగోలు మనిషి. భర్త చంద్రశేఖరయ్య నెమ్మదస్తుడు, వినడమే తప్ప మాట్లాడడం తక్కువ. స్వప్నకు కన్నడం, ఆ ముగ్గురికీ కొంచెం తెలుగు వచ్చు కాబట్టి మాటకు ఇబ్బంది లేకపోయింది. ఎండ ముదరకముందే వాళ్లను కోట కొండ ఎక్కించింది. తొందర పెట్టలేదు. గిరిజమ్మ ఆయాసపడి కూర్చున్న బండ మీదే తనూ కూర్చుంది. కింద పత్తి మిల్లులు, మసీదు మినార్లు, రైలు పట్టాలు, ఆ పైన కొండల దాకా పరుచుకున్న నల్లనేల. ఏ రాజు ఎప్పుడు ఏలాడో రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంది. పత్తి బండ్ల వెంట తాత ఈ ఊరికి నడిచొచ్చిన కథ మాత్రం తీరిగ్గా చెప్పింది.

ఎమ్మిగనూరులో జయమ్మ ఇంటికి తీసుకెళ్లింది. జయమ్మ గుంట మగ్గం మీద నేస్తుంది. మగ్గం చూడ్డానికి వచ్చిన గిరిజమ్మను చూస్తూ నిలబడనిస్తుందా ఆమె? గుంటలో తన పక్కనే కూర్చోబెట్టుకుని పోగు నడిపే నాడె చేతికిచ్చింది. గిరిజమ్మ లాగిన లాగుడుకు పోగు కాస్తా తెగింది.

"అదేందక్కా, ఎద్దును లాగినట్ల లాగుతాండావు. మెల్లగా. కాలు తొక్కినాక సెయ్యి," అని జయమ్మ పోగు ముడేస్తూ మందలించింది.

గిరిజమ్మ చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు చూసి రేవతి పెదవులు కూడా కొంచెం విచ్చుకున్నాయి. స్వప్న గుండె అక్కడ సగం కుదుటపడింది. ఇక మిగిలింది తన ఇల్లే, అమ్మ చేతి రొట్టె తిన్నవాళ్లు ఎవరు బాగాలేదంటారులే అనుకుంది. ధీమా ఎక్కువైతే ఏమవుతుందో ఆమెకు సాయంత్రానికి తెలిసొచ్చింది.

పొద్దు వాలుతుండగా జీపు ఊళ్లోకి వచ్చింది. వీధిలో పిల్లకాయ అనేవాడు లేడు. అరుగుల మీద మనిషి లేడు. ఊరికి ఏమైందా అని స్వప్న గాభరాగా ఇంటి ముందు దిగింది. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. గోడలకు కొత్త సున్నం. క్రిస్మస్‌కు కట్టిన కాగితపు నక్షత్రం తప్ప ఇంట్లోని పాత వస్తువు ఒక్కటి లేదు. తిరగలి లేదు, రోలు లేదు, అమ్మ కూర్చునే పీట లేదు, గోడకున్న కుటుంబం ఫొటో కూడా లేదు. వాటి స్థానంలో టెంట్ హౌసు నుంచి తెచ్చిన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, వాటి మీద తువ్వాళ్లు, ఒక టేబుల్ ఫ్యాను, వరసగా పేర్చిన నీళ్ల సీసాలు. ఓ మూలన హోటల్ పార్సెళ్లు. ఇల్లంతా అద్దంలా ఉంది. మనిషి మాత్రం లేదు.

ముగ్గురు అతిథులూ చెప్పులు విడిచి గడప లోపల నిలబడ్డారు. కూర్చోవాలో వద్దో వాళ్లకు తెలియలేదు. చంద్రశేఖరయ్య కుర్చీ మీది తువ్వాలును చూసి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఇంట్లోవాళ్లు ఎక్కడ?" అంది రేవతి. అడగడంలో కోపం లేదు. కానీ పొద్దున్నుంచి కూడగట్టిందంతా ఆ ఒక్క ప్రశ్నతో జారిపోతున్నట్టు స్వప్నకు అర్థమైంది.

"ఒక్క నిమిషం," అని బయటికొచ్చి చూస్తే, వీధి కొళాయి దగ్గర గిడ్డయ్య తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నాడు. సుగ్గిలో పనిచ్చే రైతులు గుడిసెల దగ్గరికి వచ్చినప్పుడు ఆయన ఎలా నిలబడతాడో అలాగే. ముత్తమ్మ దేవమ్మ ఇంటి వెనక గోడ చాటున ఉంది. కొత్త చీర కట్టుకుని మరీ దాక్కుంది.

"ఇదేందమ్మా?" అంది స్వప్న.

"ఏం తక్కువైంది పాపా?" అంది ముత్తమ్మ కంగారుగా. "అన్నీ పెట్టినానే. ఆ పాత సామానంతా కానరాకుండా దేవమ్మోళ్లింట్ల ఏసినా. పిల్లోళ్లను వీదిలోకి రానియ్యొద్దని అందరికీ సెప్పినా. మీ నాయన కోసిగికి పోయి ఓటల్నుంచి కూడు తెచ్చినాడు."

"మీరెందుకు బయటున్నారు?"

"పెద్దోళ్లు వచ్చినప్పుడు మనం లోపలుంటామా? ఆపీసోళ్లు వచ్చినా అంతే గదా, ఇల్లు వాళ్లకిడిసి మనం బయట నిలబడతాము." గొంతు తగ్గించి అసలు మాట చెప్పింది. "ఇంగోటి. మనింట్ల వండింది వాళ్లు తింటారో ల్యాదో. మనమెవురమో వాళ్లకేం తెలుసు? పెట్టినాక వద్దంటే నాకు తల కొట్టేసినట్లయితాది పాపా. వాళ్లకూ ఇబ్బందే. దానికే ఓటల్ది తెప్పిచ్చినా."

దేశాలు దాటి పోయి, ఎవరడిగినా ఊరి పేరు మార్చి చెప్పిన పిల్ల ఏమని సమాధానం చెబుతుంది? అమ్మ భయంలో అబద్ధం లేదు. ఆ భయం ముత్తమ్మ ఊహించుకున్నది కాదు, పెళ్లి కాకముందు నుంచి చూసి చూసి నేర్చుకున్నది. అలాంటి మనిషికి టూరిజం పాఠాలు చెబితే ఎక్కుతాయా? స్వప్న గోడ పక్క నుంచి తన ఇంటి వైపు తొంగి చూసింది. అవతల తన ఇంట్లో ముగ్గురు మనుషులు ఇంకా నిలబడే ఉన్నారు.

"అమ్మా," అంది చివరికి. "ఇన్నేండ్లు సుగ్గికి పోతివి. లారీ దిగినాక ఆ కొత్త తావున నిన్ను ఎవురన్నా కూసో అన్యారా ఎప్పుడన్నా?"

ముత్తమ్మ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. ఏళ్లన్నీ ఒక్కొక్కటే వెతుకుతున్నట్టు కళ్లు చిన్నవి చేసుకుంది.

"ల్యా," అంది. "పని సూపిస్తారు. కూసోమని ఎవురంటారు?"

"అట్ల నిలబడినప్పుడు ఎట్లుంటాది?"

"ఎట్లుంటాది? కాళ్లు పెట్టుకునేకి తావు ల్యానట్లుంటాది. ఎందుకొచ్చినామురా దేవుడా అనిపిస్తాది."

"మనింట్ల ముగ్గురు అట్లనే నిలబడినారమ్మా. పొద్దున్నుంచి తిరిగి తిరిగి వచ్చినారు. కుర్చీలుండాయి, ఫ్యానుండాది. కూసోమనేవాళ్లే ల్యారు."

ముత్తమ్మ కూతురి మొహంలోకి చూసింది. అంతవరకూ ఆమెకు వచ్చినవాళ్లు పెద్దవాళ్లు, చదువుకున్నవాళ్లు, కారుల్లో తిరిగేవాళ్లు. ఆ క్షణాన మాత్రం కొత్త ఊళ్లో దిగి, పలకరించే దిక్కులేక నిలబడ్డ మనుషులయ్యారు. ఆ నిలబడడం ఎలా ఉంటుందో ఆ ఊళ్లో ముత్తమ్మ కంటే బాగా ఎవరికి తెలుసు? చెంగు బొడ్లో దోపి, దేవమ్మ ఇంట్లోకి పోయి, తన పీటను చంకన పెట్టుకుని, చరచరా వీధి దాటి, గడప తొక్కింది.

"అయ్యో, ఎంతసేపట్నుంచి నిలబడినారప్పా. కూసోండి," అంది. అని, కన్నడంలో "బర్రి, కుందర్రి" అని కూడా పిలిచింది. ఒకప్పుడు సుగ్గికి రాయచూరు వైపు పోయి పొలాల్లో పని చేసినన్నాళ్లూ చెవిన పడిన భాష అది. అక్కడ ఆ మాట తనను ఎవరూ అనలేదు. ఆమె మాత్రం నేర్చుకుని పెట్టుకుంది.

ఆ గొంతు వినగానే గిరిజమ్మ మొహం విప్పారింది. "కుర్చీలెందుకమ్మా, కిందే బాగుంటుంది," అంటూ చతికిలబడింది. ఆమె పక్కన రేవతి, ఎదురుగా పీట మీద ముత్తమ్మ. మంచినీళ్లిచ్చింది. ఎక్కడి నుంచి వచ్చారు, పిల్లలెంతమంది, మోకాళ్ల నొప్పులకు ఏం వాడుతున్నావు అని గిరిజమ్మను వరసపెట్టి అడిగింది. స్వప్న గడప దగ్గర నిలబడి చూస్తోంది. ఆమెకు ఒమన్ కొండ మీది పెద్దావిడ గుర్తుకు రాలేదు. ఎవరూ గుర్తుకు రాలేదు. మా అమ్మ అనుకుంది, అంతే.

కానీ అన్నం దగ్గర మళ్లీ చిక్కొచ్చింది. మూలనున్న పార్సెళ్ల వైపు ముత్తమ్మ ఒకసారి చూసింది, పొయ్యి వైపు ఒకసారి చూసింది. తర్వాత వచ్చినవాళ్ల వైపు తిరిగి, తల పక్కకు తిప్పుకోకుండా అడిగింది.

"ఓటల్ కూడుండాది. ల్యాదంటే నా సేతి జొన్నరొట్టె, పుండికూర పప్పు, శెనిక్కాయల పొడి. మేము మాల పల్లోళ్లము. తెలిసి తింటే బాగుంటాదని సెప్తాండాను. మీకేది కావాలంటే అది."

పొద్దున్నుంచి పది మాటలైనా మాట్లాడని చంద్రశేఖరయ్య అప్పుడు నోరు విప్పాడు.

"హోటల్ భోజనం మైసూరులోనూ దొరుకుతుందమ్మా. రొట్టె పెట్టండి. వేడిగా ఉన్నది ముందు నాకే."

ఆ రాత్రి ముత్తమ్మ రొట్టె తట్టిన చప్పుడు వీధి చివరిదాకా వినబడింది. దాచిపెట్టిన పిల్లలు ఒక్కొక్కరే బయటికొచ్చారు. దేవమ్మ ఉల్లిగడ్డలు కోసుకుని వచ్చి కూర్చుంది. పొయ్యి మీంచి తీసిన రొట్టె తీసినట్టు పళ్లెంలో పడుతోంది. గిరిజమ్మ తనూ ఒకటి తడతానని కూర్చుంటే రొట్టె దేశపటంలా వచ్చింది. దాన్ని చూసి అందరూ నవ్వారు. ముత్తమ్మ దాన్ని కాల్చి, తన పళ్లెంలోనే వేసుకుంది. అవును, ఆమె కూడా పళ్లెం పెట్టుకుంది. వచ్చినవాళ్లతో పాటే కూర్చుని తింది. పెళ్లైన నాటి నుంచి ఆమె వడ్డించాక మిగిలింది తినడమే గానీ, ఇలా పంక్తిలో కూర్చున్నది లేదు.

గిడ్డయ్యను లోపలికి రప్పించడానికి ఇంకొంచెం సేపు పట్టింది. వచ్చి ముందు తలుపు దగ్గర కూర్చున్నాడు. సుగ్గి గురించి చంద్రశేఖరయ్య అడిగిన కొద్దీ చెబుతూ చెబుతూ ముందుకు జరిగాడు. లారీలో చంటిపిల్లల తల్లులను ఎక్కడ కూర్చోబెడతారో, గుడిసె వేసేటప్పుడు ముందు ఏం చూస్తారో, జ్వరమొచ్చిన మనిషిని ఎట్లా ఇంటికి పంపుతారో చెప్పాడు. చెప్పడం అయ్యేసరికి ఆయన తలగుడ్డ మళ్లీ తల మీదికి ఎక్కింది.

ఆదివారం స్వప్న వాళ్లను జొన్నచేలలో తిప్పింది, ఊళ్లోని చిన్న చర్చిలో పాటలు వినిపించింది, మధ్యాహ్నం తుంగభద్ర ఒడ్డుకు తీసుకెళ్లింది. సాయంత్రం సామాన్లు జీపులో పెట్టాక రేవతి ఇంటి ముందు ఆగింది. స్వప్నను దాటి ముత్తమ్మ ముందుకు పోయి నిలబడింది.

"నిన్న మీ ఇంట్లోకి వచ్చినప్పుడు వెనక్కి వెళ్లిపోదామనుకున్నాను. దాచడమెందుకు," అంది తనకొచ్చిన తెలుగులో. "అలాంటి ఖాళీ గదులు నేను చాలా చూశాను. మీరు వచ్చాక ఇల్లు ఇల్లయింది. వచ్చే వారం నుంచి మనుషులను పంపనా?"

ముత్తమ్మ కూతురి వైపు చూడలేదు. తన ఇంటి సంగతి తనే తేల్చింది.

"పంపీ తల్లీ. అయితే ముందే సెప్పి పంపీ. మా ఇంట్ల మేమే వండుతాము. వచ్చినోళ్లతో మేమూ కూసోని తింటాము. అది ఇష్టమైనోళ్లే రావల్ల. ఇష్టం ల్యానోళ్లకు కోసిగిలో ఓటలుండాది."

రేవతి పెద్దగా నవ్వింది. రెండు రోజుల్లో ఆమె అలా నవ్వడం అదే మొదలు. "అలాగే చెప్పి పంపుతాను," అని ముత్తమ్మ రెండు చేతులూ పట్టుకుంది. స్వప్నకు కళ్లు నిండాయి. ఈ షరతు పెట్టాలని తనకు ఏ దేశంలోనూ తోచలేదు. ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు. వ్యాపారం తను నేర్చుకొచ్చింది, నిజమే. కానీ ఆ వ్యాపారానికి తలెత్తుకునే తీరు అమ్మ నేర్పింది. ఆ తల్లి కడుపున పుట్టినందుకు ఆమె ఆ వాకిట్లో నిలబడి ఒళ్లంతా గర్వపడింది.

సోమవారం లారీ రానే వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? కొన్ని ఇళ్లు నిలబడినంత మాత్రాన ఊరంతా నిలబడుతుందా? ఎక్కేవాళ్లు ఎక్కుతూనే ఉన్నారు. గిడ్డయ్య కూడా బయల్దేరాడు. నమ్ముకుని వచ్చేవాళ్లను అక్కడ దించి, గుడిసెలు వేయించి వారంలో తిరిగొస్తానన్నాడు. జనం తగ్గారేమని డ్రైవరు గొణిగితే, ఆయన మీసం దువ్వుకుని మరీ చెప్పాడు.

"తగ్గుతారు మరి. మా పాప దేశం పోయి పని నేర్సుకోని వచ్చింది. వచ్చే ఏడు ఇంగా తగ్గుతారు, సూస్తాండు."

స్వప్న ఆ మాట వినీ విననట్టు తల తిప్పుకుంది. లారీ కదలబోతుంటే, పైన మూటల మీద కూర్చున్న ఆడవాళ్లలో ఒకామె ముత్తమ్మను చూసింది. ముత్తమ్మ వాకిట్లో కళ్లాపి చల్లుతోంది. ఏటా ఈ వేళకు ఆ వాకిట్లో ముళ్లకంప అడ్డం పడి ఉండేది.

"ముత్తక్కా, ఇంగా ఎక్కలేదేమి? బండి కదుల్తాంది," అని కేకేసింది ఆమె.

ముత్తమ్మ తల కూడా ఎత్తలేదు. చెంబులోని నీళ్లు కడదాకా చల్లి, నింపాదిగా బదులిచ్చింది.

"నేను రాలేనులే అమ్మా. ఇంటికి సుట్టాలొస్తాండారు."